మన ఉర్దూ బడి – నేటి పిల్లలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూలో పాఠాలు చెప్పే పంతుళ్ళం. అయినా ఈ నాలుగు మాటలూ తెలుగులోనే చెబుతున్నాం. ఎందుకంటే మన ఇళ్ళలో చాలామంది యువకులకు ఉర్దూ మాట వచ్చు గాని ఉర్దూ అక్షరం రాదు. మన సమస్య అక్కడే ఉన్నది.

పిల్లవాడు ఇంట్లో అమ్మీతో ఉర్దూ మాట్లాడతాడు. గడప దాటితే తెలుగు. చేతిలో ఫోను పట్టుకుంటే ఇంగ్లీషు. బడిలో వేసే రోజున తండ్రి మమ్మల్ని అడుగుతాడు: "సార్, ఉర్దూ మీడియంలో వేస్తే రేపు మావాడికి అన్నం పెడుతుందా?" ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి ఆవేశంతో కాదు, ఆలోచించి జవాబు చెప్పాలి.

1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైంది. అంతకు ముందు ఏడే పుస్తకాల కోసం అనువాద శాఖను నెలకొల్పారు. తరువాత వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో బోధించారు. కనుక ఉర్దూలో సైన్సు ఇమడదనే మాట నిజం కాదు. అయితే ఆనాటి పెద్దలు ఇంగ్లీషును వదలలేదు, దాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచారు. విషయం అర్థం కావడానికి మన భాష, లోకంతో వ్యవహరించడానికి ఇంగ్లీషు. ఈ రెండో సగాన్ని మరచి ఉర్దూ గొప్ప మాత్రమే చెప్పుకుంటే పిల్లలకు న్యాయం జరగదు.

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికను చూడండి. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత నూటికి 64.8 ఉంటే, ముస్లింలలో 59.1. బడి వయసు ముస్లిం విద్యార్థుల్లో మదర్సాలకు వెళ్ళేవారు నూటికి నలుగురు మాత్రమేనని కూడా ఆ నివేదిక చెప్పింది. అంటే మన బిడ్డల భవిష్యత్తు మామూలు బడుల్లోనే తేలుతుంది. ఆ బడి బాగుపడితే మనం బాగుపడతాం.

2016లో రాష్ట్రంలో మైనారిటీ గురుకులాలు 71 బడులతో మొదలై తరువాత రెండు వందలు దాటాయి. అవి ఇంగ్లీషు మాధ్యమం బడులు. సంతోషమే. కాని అక్కడ ప్రవేశం ఐదో తరగతిలో. నాలుగో తరగతి దాటినా ఒక పేరా చదివి అర్థం చెప్పలేని పిల్లవాణ్ణి ఏ గురుకులం మాత్రం ఏం చేస్తుంది? పునాది మన వాడలోని చిన్న బడిలోనే పడాలి.

ఆ పునాది బట్టీతో పడదు. మన హైదరాబాదులోనే 1897లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు 1937 నాటి వార్ధా విద్యా కమిటీకి అధ్యక్షత వహించి, పని ద్వారా చదువు అనే పద్ధతిని దేశం ముందుంచారు. మన మూడు పట్టణాల్లో ఆ పద్ధతికి కావలసిన సరంజామా అంతా ఉంది. మిర్యాలగూడ రైసు మిల్లులే తీసుకోండి. నూరు కిలోల ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాలని సర్కారు లెక్క. మిగతా 33 కిలోలు ఏమయ్యాయి? తండ్రి మిల్లులో హమాలీ అయిన పిల్లవాడు ముందు చెయ్యి ఎత్తుతాడు: ఊక, తవుడు, నూక అని. శాతాల పాఠం అక్కడే వచ్చేస్తుంది. సూర్యాపేట పిల్లలకు హైవే మీది లారీలతో కాలం, దూరం లెక్కలు. కోదాడ పిల్లలకు సాగర్ ఎడమ కాలువతో భూగోళం. ఫోను జవాబులు చెప్పగలదు, కాని ప్రశ్న అడిగే అలవాటు బడిలోనే రావాలి.

ఇక పదో తరగతి తరువాతి సంగతి. అక్కడే మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆగిపోతున్నారు. ఉర్దూలో "జియాయీ తాలీఫ్" చదివిన అమ్మాయికి ఇంటర్లో "ఫోటోసింథసిస్" అంటే కొత్త పాఠంలా కనబడుతుంది. పాఠం పాతదే, పేరు కొత్తది. తెలివి లేక కాదు, మాట తెలియక వెనుకబడుతుంది. ఆరో తరగతి నుండే నల్లబల్ల మీద మూడు పేర్లు పక్కపక్కన రాయాలి: ముసల్లస్, త్రిభుజం, ట్రయాంగిల్. దీనికి పైసా ఖర్చు లేదు. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. 2018లో వచ్చిన చట్టం బడుల్లో తెలుగు బోధన తప్పనిసరి చేసింది. ఈ రెండూ మన పిల్లలకు అక్కరకు వచ్చేవే.

సంఘానికి మూడు మనవులు.

ఒకటి, ప్రతి పట్టణంలో సాయంత్రం రెండు గంటలు చదువుకునే గది ఒకటి తెరవండి. డిగ్రీ చదివే మన పిల్లలే చిన్నవాళ్ళకు చెబుతారు.

రెండు, పదో తరగతి పరీక్షలు రాసిన ఆడపిల్లలకు ఎండాకాలంలో సైన్సు, లెక్కల ఇంగ్లీషు మాటలు నేర్పే తరగతి పెట్టండి. చదువు ఆగేది ఆ రెండు నెలల్లోనే.

మూడు, 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. చట్టం వేసిన ఆ కుర్చీలు ఖాళీగా వదిలెయ్యకండి. టీచరు పోస్టు ఎందుకు నిండలేదని అడగండి. పిల్లవాడికి చదవడం వచ్చిందా అని మమ్మల్ని కూడా అడగండి. మీరు అడిగితే మేము నొచ్చుకోము, మాకు బలం వస్తుంది.

మన దీన్‌లో అవతరించిన మొదటి ఆజ్ఞ చదవమనే. ఆ ఆజ్ఞ కొడుక్కూ కూతురికీ సమానమే.