పురుగుమందుల ‘సురక్షిత వినియోగం’: ఎవరికి సురక్షితం?

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం ‘అభివృద్ధి ప్రాజెక్టుల్లో పురుగుమందుల సురక్షిత, బాధ్యతాయుత వినియోగం’. విదేశీ నిధులతో వ్యవసాయం మీద నడిచే ప్రాజెక్టుల కాగితాల్లో ఈ మాట తరచుగా కనిపిస్తుంది. దానికొక శిక్షణ, ఒక పోస్టరు కూడా ఉంటాయి. ఆ పోస్టరులో సాధారణంగా ఎవరుంటారు? ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకుని, వీపున పంపు తగిలించుకున్న మగ రైతు. ఆ పంపులోకి బిందెలతో నీళ్లు మోసేదెవరు, మందు కలిపి ఇచ్చేదెవరు, సాయంత్రం ఆ చొక్కా ఉతికేదెవరు, రెండు రోజులకు అదే తోటలో దిగి కాయలు కోసేదెవరు? వాళ్లు ఆ బొమ్మలో లేరు. ఇక్కడ కూర్చున్నారు.

మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోనే పేరున్నది. టమోటా ఒక్కసారి కోసి ముగించే పంట కాదు. కాపు మొదలైతే నాలుగైదు రోజులకొకసారి కోత ఉంటుంది. కాయ తొలిచే పురుగు పాతదే. దానికి తోడు దక్షిణ అమెరికా నుంచి వచ్చిన టూటా పురుగు 2014లో మన దేశంలో కనిపించింది. ధర ఉన్నప్పుడు రైతు భయపడతాడు, భయపడితే పంపు తీస్తాడు. సీసా మీద, ‘చివరిసారి పిచికారీ చేసిన తర్వాత ఇన్ని రోజులు ఆగి కోయాలి’ అని గడువు ఉంటుంది. ఆ గడువు లెక్క తినేవాళ్ల కోసం వేసింది. తడి ఆకుల మధ్య చీర కుచ్చిళ్లు తడుపుకుంటూ, వట్టి చేతులతో కోసే కూలి మనిషి కోసం కాదు. పైగా కోత ఆపితే కాయ పండి మెత్తబడుతుంది, మండీలో ధర పోతుంది. అంచేత గడువూ ఆగదు, కోతా ఆగదు. విషం ఎక్కువగా ఒంటికెక్కేది ముక్కు ద్వారా అనుకుంటాం. పొలం పనిలో ఎక్కువ భాగం చర్మం ద్వారానే వెళుతుంది.

మన పడమటి మండలాల్లో ఈ గడువు విషయం బాగా తెలిసిన స్త్రీలు ఉన్నారు. పట్టుపురుగులు పెంచేవాళ్లు. పక్క టమోటా తోటలో మందు కొట్టినప్పుడు గాలి ఇటు తిరిగిందంటే, ఆ మల్బరీ ఆకు తిన్న పురుగులు తట్టల్లోనే చచ్చిపోతాయి. అందుకే వాళ్లు ఆకు వాసన చూస్తారు, రోజులు లెక్కపెడతారు, పక్క రైతుతో పోట్లాడతారు. పురుగుకు ఇంత కాపలా ఉంది. ఆ పురుగుల గది శుద్ధి చేయడానికి ఫార్మాలిన్ చల్లే మనిషికి ఏ కాపలా ఉంది? 1989 నుంచి 1996 వరకు ప్రపంచ బ్యాంకు, స్విట్జర్లాండ్ సహాయంతో జాతీయ పట్టు పరిశ్రమ ప్రాజెక్టు నడిచింది. అందులో మన రాష్ట్రమూ ఉంది. ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. పట్టుగూళ్ల నాణ్యత పరీక్షించినంత శ్రద్ధగా ఆ గదుల్లో పనిచేసిన స్త్రీల కళ్లు, ఊపిరితిత్తులు పరీక్షించాలని అడగడం మన హక్కు.

‘ఆడవాళ్లు పంపు పట్టరు కదా, వాళ్లకేం ప్రమాదం’ అనేవాళ్లకు చూపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక ఆధారం ఉంది. ఎఫ్.ఏ.ఓ., యూరోపియన్ యూనియన్ కలిసి ఆసియా దేశాల్లో పత్తి మీద సమగ్ర సస్యరక్షణ కార్యక్రమం నడిపాయి. దానిలో భాగంగా అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని మూడు గ్రామాల్లో 50 మంది పత్తి రైతు స్త్రీలు, పిచికారీ జరిగిన ప్రతిసారీ తమకూ తమ ఇంటి మగవాళ్లకూ కలిగిన బాధల్ని రాసిపెట్టారు. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతంలో ఏదో ఒక విష లక్షణం కనిపించింది. చిక్కటి మందు కలపడం, పంపు నింపడం కూడా పిచికారీ అంత ప్రమాదకరమైన పనులేనని తేలింది. ‘సహాయం’ పేరుతో లెక్కలోకి రాని పని అది. ఈ అధ్యయనంలో నాకు నచ్చింది అంకెలు కాదు, రాసినవాళ్లు ఎవరన్నది.

ఇక సీసా సంగతి. 1968 నాటి చట్టం కింద 1971లో చేసిన నిబంధనల ప్రకారం ప్రతి సీసా మీదా రంగు త్రికోణం ఉండాలి: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు అన్నిటికంటే ఘాటైన విషం, తర్వాతది పసుపు. ఎరుపంటే కుంకుమ, పసుపంటే పసుపు అని పెరిగిన మనకు ఇవి హెచ్చరిక రంగులని ఎవరైనా కూర్చోబెట్టి చెబితే తప్ప తెలియదు. ప్రాంతీయ భాషలో కరపత్రం ఇవ్వాలనీ, పనివాళ్లకు రక్షణ దుస్తులు ఇవ్వాలనీ కూడా నిబంధనల్లో ఉంది. అసలు విషాన్ని ‘మందు’ అని పిలిచే భాష మనది. జ్వరానికీ మందే, పురుగుకూ మందే.

ఇప్పుడు మనకు పనికొచ్చే మాట చెబుతాను. పురుగుమందుల మీద ఎఫ్.ఏ.ఓ. 1985లో అంతర్జాతీయ నియమావళి చేసింది. 2002లో సవరించిన ఆ నియమావళిలో ఒక సూత్రం ఉంది: ఏ మందు వాడాలంటే ఇబ్బందికరమైన, ఖరీదైన, సులభంగా దొరకని రక్షణ దుస్తులు కావాలో, ఆ మందును ఉష్ణ దేశాల చిన్న రైతుల విషయంలో వాడకుండా ఉండాలి. అంటే ఏప్రిల్ ఎండలో రబ్బరు తొడుగులు వేసుకోలేని మనిషిది తప్పు కాదు, ఆ మందు ఇక్కడికి రావడమే తప్పు. ప్రపంచ బ్యాంకు కూడా 1998లో చేసుకున్న నిబంధనలో, అత్యంత ప్రమాదకర తరగతుల మందులు శిక్షణ, పరికరాలు లేని రైతుల చేతికి చేరే అవకాశం ఉంటే వాటికి డబ్బు ఇవ్వరాదని రాసుకుంది. 2000లో బ్యాంకు అప్పుతో మొదలైన ‘వెలుగు’ తొలి ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. సంఘం అప్పు మన పేరు మీద, మందుల అంగట్లో బాకీ ఆయన పేరు మీద. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. ప్రాజెక్టు డబ్బుతో నేరుగా మందు కొనలేదంటే బాధ్యత తీరిపోయినట్టా?

‘జాగ్రత్తగా దాచుకోండి’ అనే సలహా ఎంతవరకు పనిచేస్తుందో శ్రీలంక చూపింది. అక్కడ 180 గ్రామాల్లో పెద్ద అధ్యయనం చేశారు. సగం గ్రామాల్లో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చారు. మందు తాగి ప్రాణం తీసుకోబోయేవాళ్ల సంఖ్య తగ్గలేదని 2017లో ఫలితాలు వచ్చాయి. అదే దేశంలో 1995లో మోనోక్రోటోఫాస్‌ను, తర్వాత మరికొన్నిటిని నిషేధించాక ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. పెట్టె ఇవ్వడం ఇంటివాళ్ల మీద భారం వేస్తుంది, నిషేధం ప్రభుత్వం మీద వేస్తుంది. మన దేశంలో మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయల వరకే నిషేధించారు. 2013లో బీహార్‌లో ఆ మందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు.

మందు లేకుండా పండించడం కుదరదనే వాదనకు జవాబు మన సంఘాలే ఇచ్చాయి. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల 2004 నాటికి పురుగుమందులు మానేసిన గ్రామంగా పేరు తెచ్చుకుంది. అందులో మహిళా సంఘం పాత్ర పెద్దది. ఆ తర్వాత మహిళా సమాఖ్యల ద్వారానే ఈ పద్ధతి అనేక జిల్లాలకు పాకింది. టమోటాలో ఎర పంటగా బంతి, లింగాకర్షక బుట్టలు, వేప కషాయం మీకు తెలిసినవే. ఒక్క మాట మాత్రం ఇక్కడ మొహమాటం లేకుండా అనుకోవాలి. వేపగింజలు ఏరేది, దంచేది, కషాయం కాచేది ఎవరు? పంపు బరువు మగవాడి వీపు మీంచి దిగి మన రోట్లోకి వచ్చింది. ఆ శ్రమకు కూలి కట్టకుండా ‘ఖర్చు లేని వ్యవసాయం’ అని పిలిస్తే నేను ఒప్పుకోను.

కూలి సంఘాల అక్కలకు ఒక సూచన. కోతకు పిలిచినప్పుడు కూలి ఎంతో మాట్లాడేటప్పుడే, మందు ఎప్పుడు కొట్టారో, ఏ మందో కూడా అడగండి. ఒకరు అడిగితే పని పోతుంది, పదిమంది కలిసి అడిగితే రైతు చెబుతాడు. ఊరికొక నోటుపుస్తకం పెట్టి, పత్తి రైతు స్త్రీలు రాసినట్టు, తలనొప్పి, వాంతి, చెమటలు, నోటివెంట చొంగ, చూపు మసకబారడం ఎవరికి ఎప్పుడు వచ్చాయో తేదీతో రాయండి. చాలాసార్లు వీటిని వడదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెడతారు. అలా చేయకండి. తడి బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీసా గానీ దాని చీటీ గానీ తప్పకుండా వెంట పట్టుకెళ్లండి. మోనోక్రోటోఫాస్ లాంటివాటికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. ఏది ఒంట్లోకి పోయిందో డాక్టరుకు తెలియాలి.