బడి తెరిస్తే చాలదు, నమ్మకం కుదరాలె



కరోనా వల్ల మూసిన బడులను 2021 ఫిబ్రవరి 1న తొమ్మిదో తరగతి నుంచి తెరిచిన్రు. మార్చి 24న మళ్లీ మూసిన్రు. జులై 1న తెరుస్తమని చెప్పి ఆన్‌లైన్ పాఠాలతోనే సరిపెట్టిన్రు. 2021 సెప్టెంబర్ 1న మళ్లీ తెరిచిన్రు. పిల్లలను రమ్మని బలవంతం చేయొద్దని హైకోర్టు చెప్పింది. అంటే పంపుడా వద్దా అన్నది మన మీదనే పడ్డది.

ఇంట్ల ఫోను ఒక్కటి, చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు. బడి కావాలె. కానీ భయం పోవాలె కదా?

పొదుపు మీద మనకు నమ్మకం ఎట్ల కుదిరింది? ప్రతి మీటింగుల లెక్క అందరి ముందట చదువుతం కాబట్టి. బడి సంగతి గూడ అంతే. నీళ్లు, సబ్బు, మరుగుదొడ్లు మనమే పోయి చూద్దాం. పిల్లకు జ్వరమొస్తే ఏం చేస్తరో సార్లను అడుగుదాం. చూసింది చూసినట్టు గ్రామ సంఘంల చెప్పుకొని, అప్పుడు పంపుదాం.