పాట టెంపో కనుక్కోవడం ఎలా? యాప్ 172 అంది, బాపమ్మ చప్పట్లు 86 అన్నాయి

ఈ ఎపిసోడ్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, ఒక పాటకి బీట్ వేద్దామంటే దాని టెంపో ఎంతో ఎలా తెలుస్తది? యాప్ ఏదో నంబర్ చూపిస్తోంది, బీట్ మాత్రం కలవట్లేదు" అని. నాకూ కలవలేదు. అది కూడా ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో కాదు, వాడకట్టు మొత్తం ముందు. ముందు ఆ సంగతి చెప్తా, తర్వాత పద్ధతి చూద్దాం.

మా బాపమ్మ బతుకమ్మ పాటలు చాలా బాగా పాడేది. నాలుగేళ్ల కింద ఒక పాట ఫోన్‌లో రికార్డ్ చేశాను. ఐదు నిమిషాల పాట. ఆమె పాడుతుంటే అత్తమ్మలు, పిన్నులు అందుకుంటున్నారు, చప్పట్లు కొడుతున్నారు. ఇప్పుడు బాపమ్మకి ఆయాసం. రెండు లైన్లు పాడితే ఆగిపోతుంది. అంటే ఆ రికార్డింగ్ ఒక్కటే ఉంది, మళ్లీ తీయలేం.

పోయినసారి సద్దుల బతుకమ్మకి ఆ పాట కింద డప్పు లూప్ వేసి స్పీకర్‌లో పెడదామనుకున్నా. ఒక ఫ్రీ యాప్‌లో మొదటి చరణం ముక్క ఇచ్చి టెంపో అడిగితే 172 అని చూపించింది. సరే అని లూప్‌ని 172కి పెట్టా. మొదటి నిమిషం విన్నా, దెబ్బలు చప్పట్ల మీదే పడుతున్నాయి. సూపర్ అనుకుని సేవ్ చేసేశా.

సద్దుల రోజు రాత్రి పాట మొదలైంది. అందరూ తిరుగుతున్నారు, కానీ కాళ్లు తొందరపడుతున్నాయి. రెండో నిమిషం దాటేసరికి డప్పు ఒక దిక్కు, పాట ఒక దిక్కు. సగం మంది డప్పుకి చప్పట్లు కొడుతున్నారు, సగం మంది బాపమ్మ గొంతుకి కొడుతున్నారు. చివరికి ఒక అత్తమ్మ అన్నది: "ఆపురా ఆ డబ్బ, మేమే పాడుకుంటం." ఆపేశా. ఇజ్జత్ పోయింది సరే, అంతకంటే ఎక్కువ బాధ ఏంటంటే, బాపమ్మ పాటని నేనే పాడు చేశాను కదా అని.

మర్నాడు బాపమ్మ పక్కన కూర్చుని మళ్లీ పెట్టా. ఆమె విని, "నా చప్పట్లు ఇన్ని లెవ్వు బిడ్డా" అన్నది. మంచం మీద కూర్చునే కొట్టి చూపించింది. నేను లెక్కపెట్టా. నిమిషానికి 86. యాప్ చెప్పిన దాంట్లో సరిగ్గా సగం!

ఎందుకిలా అయింది? టెంపో అంటే నిమిషానికి ఎన్ని బీట్లు అని, అదే బీపీఎం. సాఫ్ట్‌వేర్‌కి బీట్ అంటే ఏంటో మనకి తెలిసినట్టు తెలియదు. సౌండ్ ఒక్కసారిగా పెరిగే చోట్లు వెతుకుతుంది. అంటే చప్పట్లు, డప్పు దెబ్బ, గట్టిగా పలికిన అక్షరం, ఇలాంటివి. ఆ చోట్ల మధ్య ఎంత గ్యాప్ మళ్లీ మళ్లీ వస్తోందో చూసి నంబర్ ఇస్తుంది. చప్పట్లకీ చప్పట్లకీ మధ్యలో ఒక గట్టి అక్షరం పడితే, దాన్ని కూడా బీట్ అనుకుంటుంది. 86 కాస్తా 172 అవుతుంది. కొన్ని పాటల్లో ఉల్టా జరుగుతుంది, 140 పాటని 70 అంటుంది. ఇది ఒక్క యాప్ తప్పు కాదు, ఇలా లెక్కేసే వాటన్నిటికీ ఉన్న ఇబ్బందే.

ఇంకో రకం తేడా కూడా ఉంది. తీన్మార్ లాంటి, ఒక్కో పెద్ద దెబ్బలో మూడు చిన్న దెబ్బలు దొర్లే నడకలో, మన కాలు 100 అంటే యాప్ 150 అనొచ్చు. ఒకటిన్నర రెట్లు. అందుకే యాప్ నంబర్ రాగానే నమ్మకండి. దాని సగం, రెట్టింపు, మూడింట రెండొంతులు, ఈ మూడూ పక్కన రాసుకోండి. పాట పెట్టి ఊరికే కాలు ఆడించండి. మీ కాలు దేనికి దగ్గరగా ఉందో అదే మీ టెంపో.

ఇప్పుడు చేత్తో కొలవడం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీయండి. మొదటి చప్పట్లు పడగానే స్టార్ట్ నొక్కండి. కానీ దాన్ని "ఒకటి" అనకండి, "సున్నా" అనండి. అందరం తప్పు చేసేది ఇక్కడే. మనం కొలిచేది చప్పట్లని కాదు, వాటి మధ్య గ్యాప్‌లని. సున్నా, ఒకటి, రెండు అనుకుంటూ 32 దగ్గర ఆపండి. బాపమ్మ పాట మొదట్లో 22.3 సెకన్లు వచ్చింది. 60ని 32తో గుణించి, 22.3తో భాగించండి. 86 వస్తుంది. నాలుగు చప్పట్లే లెక్కపెడితే వేలు కొంచెం లేటైనా నంబర్ మారిపోతుంది. 32 దాకా పోతే ఆ తప్పు చిన్నదైపోతుంది.

లెక్క వద్దనుకుంటే, చాలా మ్యూజిక్ యాప్స్‌లో టెంపో దగ్గర ట్యాప్ అనే బటన్ ఉంటుంది. పాట వింటూ దాని మీద వేలితో కొడుతూ పోండి. కనీసం 16 సార్లు కొట్టండి.

లూప్ అయితే ఇంకా ఈజీ. లూప్ పొడవు సెకన్లలో చూడండి, అందులో ఎన్ని బీట్లున్నాయో వినండి. నా డప్పు లూప్‌లో 8 బీట్లు, పొడవు 4.8 సెకన్లు. 8 ఇంటూ 60 అంటే 480. 480 బై 4.8, సరిగ్గా 100. దాన్ని 86కి తేవాలంటే పొడవు 5.58 సెకన్లు కావాలి. స్ట్రెచ్ ఆప్షన్ వాడితే శృతి మారకుండా సాగుతుంది. స్పీడ్ తగ్గిస్తే మాత్రం డప్పు గొంతు కూడా దిగిపోతుంది. ఒక జాగ్రత్త: ఎంపీ3 ఫైల్ అయితే మొదట్లో, చివర్లో కొంచెం ఖాళీ చేరుతుంది. ఆ ఖాళీతో కలిపి కొలిస్తే లెక్క తప్పుతుంది. వేవ్ ఫైల్ దొరికితే అదే తీసుకోండి, లేదంటే దెబ్బ దగ్గరికి కట్ చేసి కొలవండి.

కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఆడాసిటీ ఫ్రీగా దొరుకుతుంది. 2024లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచి లూప్ ఇంపోర్ట్ చేస్తే టెంపో తనే పట్టే ప్రయత్నం చేస్తుంది. అందులోనే రిథమ్ ట్రాక్ అని ఉంది, మీరు ఇచ్చిన టెంపోకి క్లిక్ తయారు చేసి పెడుతుంది. పాట కింద ఆ క్లిక్ పెట్టి వినండి. అసలు పరీక్ష ఇదే.

ఈ పరీక్షే నేను సగం చేసి వదిలేశాను. మొదటి నిమిషం మాత్రమే విన్నా. పాట మధ్యలో మళ్లీ 32 చప్పట్లు కొలిస్తే 21.9 సెకన్లు, అంటే దాదాపు 88. చివర్లో 21.3, అంటే 90. బాపమ్మ పాడుతూ పాడుతూ ఊపందుకుంది. మనుషులు పాడితే అంతే. క్లిక్ లేకుండా అందరూ కలిసి వాయించిన పాత రికార్డింగుల్లో కూడా ఇదే ఉంటుంది.

ఒక్క బీపీఎం తేడా అంటే చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ ఒక్కటి తేడా ఉంటే నిమిషానికి ఒక పూర్తి బీట్ జరిగిపోతుంది. అర నిమిషానికే దెబ్బ వచ్చి రెండు చప్పట్ల నడిమధ్యలో పడుతుంది. మా వాడకట్టులో జరిగింది ఇదే. అందుకే మొదలు, మధ్య, చివర, మూడు చోట్లా కొలవండి. మూడూ ఒకటే అయితే హాయిగా ఒక టెంపో పెట్టుకోండి.

వేరే వేరే వస్తే? రెండు దారులు. ఒకటి, గొంతుని అక్కడక్కడా సాగదీసి బీట్‌కి కలపడం. రెండు, గొంతుని ముట్టుకోకుండా బీట్‌నే గొంతుకి కలపడం. నేను మొదటిది ట్రై చేశా. టైమింగ్ కలిసింది, కానీ బాపమ్మ ఊపిరి తీసుకునే చోటు వింతగా అయిపోయింది. ఆమెలా లేదు. తీసేశా. రెండో దారిలో, పాటని చరణాలుగా విడగొట్టి, ఒక్కో చరణంలో చప్పట్లు కొలిచి, డప్పు లూప్‌ని ఆ చరణానికి తగ్గట్టు సాగదీశా. 86, 87, 88, అలా 90 దాకా. రెండు రాత్రుళ్లు పట్టింది.

మొన్న బాపమ్మకి వినిపించా. ఏం అనలేదు. మూడో చరణం దగ్గర చేతులు లేపి చప్పట్లు మొదలుపెట్టింది, పాట అయ్యేదాకా కొట్టింది. డప్పు ఎక్కడా ఆమెని దాటలేదు. ఈసారి సద్దులకి మళ్లీ పెడుతున్నా, అత్తమ్మకి ముందే చెప్పా.

చివరిగా ఒక్క మాట. ఇంట్లో పెద్దవాళ్లు పాడిన రికార్డింగ్ ఉంటే, ఏ యాప్‌లో పెట్టే ముందైనా ఒక కాపీ తీసి పక్కన దాచండి. దాన్ని అస్సలు ఎడిట్ చేయొద్దు. ఈరోజు హోంవర్క్: మీ ఇంట్లో ఒక పాట తీసుకుని మొదలు, మధ్య, చివర 32 చొప్పున కొలవండి. మూడు నంబర్లూ కామెంట్లో పెట్టండి, యాప్ ఏం చెప్పిందో కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.