తెరమీద కలము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసందర్భమున చిత్రలేఖనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. రవివర్మను గూర్చియో, దామెర్ల రామారావును గూర్చియో చెప్పుదునని మీరు తలచియుందురు. వారిని గూర్చి పుస్తకములు చెప్పగలవు. నేను ఒక పనిముట్టును గూర్చి మాటలాడదలచితిని. దానిని పెన్ డిస్‌ప్లే టాబ్లెట్ అందురు. కలముతో తెరమీదనే బొమ్మ వేయుటకు వీలైన పలక అది. ఉత్సవనిధిలో మిగిలిన సొమ్ముతో దానినొకదానిని కొనవలెనా, ఆ సొమ్మునకును పుస్తకములే కొనవలెనా అని కార్యవర్గమున చర్చ జరుగుచున్నదట. కనుక నా మాటలు ఉత్త కాలక్షేపమునకు కావని మనవి.

మదనపల్లెలోను, పుంగనూరులోను అంగళ్ళ పేరుపలకలు వ్రాసి బ్రతికిన చిత్రకారులను మీరందరును ఎరుగుదురు. ఫ్లెక్సీలు వచ్చిన పిదప వారి పని సన్నగిల్లినది. అట్టి ఇండ్ల పిల్లలు కొందరు నేడు ఫ్లెక్సీ దుకాణములలో కూర్చుండి మౌసు త్రిప్పుచున్నారు. తండ్రి కుంచె ముంచి ఒక్క ఊపున ‘శ్రీ’ వ్రాసెడివాడు. కొడుకు దానిని కంప్యూటరులోని అక్షరముల వరుసనుండి ఏరుకొనును. ఆ పిల్లవానికి చేతిలో విద్య లేక కాదు. మౌసుగుండ ఆ విద్య క్రిందికి దిగదు.

మౌసుకు బదులుగా కలముతో గీయు పలకలు రెండు తెరగులు. మొదటిది నల్లని అట్టవంటిది, దానిపై ఏమియు కనబడదు. దీనిని ఉత్తపలక యందము. చేయి పలకమీద నడచును, గీత ఎదుటనున్న తెరమీద పడును. రెండవదానిలో పలకయే తెర. దీనిని తెరపలక యందము. కలపుమొన ఆనినచోటనే గీత కనబడును. మన బడిపిల్లల బలపమునకును పలకకును ఉన్న సంబంధమే ఇది. అలవాటుపడిన వారికి ఉత్తపలక ఏమియు అడ్డు కాదు. చేయితిరిగిన చిత్రకారులనేకులు నేటికిని దానితోనే పని చేయుచున్నారు. నేను మూడేండ్లు దానితో బొమ్మలు వేసి, రెండేండ్ల క్రిందట తెరపలకకు మారితిని. ఆ మార్పులో నాకు తెలియవచ్చిన సంగతి ఒక్కటే. దానిని మన పుంగనూరు ఆవు నేర్పినది.

పుంగనూరు ఆవు పొట్టిది. కాళ్ళు కురుచ, నొసలు వెడల్పు, తోక నేలను తాకునో తాకదో అన్నట్లుండును. దాని బొమ్మలో కష్టమైన గీత ఒకటి కలదు. మెడనుండి వెన్నుమీదుగా సాగి, పిరుదులపై వంగి, తోకకుచ్చువరకు ఒక్క ఊపున రావలెను. కాగితముమీద ఆ గీత బయలుదేరునప్పుడే ఎక్కడ ఆగవలెనో కంటికి తెలియును. కన్ను ముందు పోవును, చేయి వెంట పోవును. ఉత్తపలకపై చేయి పోవుచోటు కంటికి కనబడదు. కన్ను తెరను చూచి, చేతికి వర్తమానము పంపవలెను. ఆ వర్తమానము చేరులోపల గీత వణకును. నడుము దగ్గర కొంత, తోక దగ్గర కొంత అతుకువేసి అదే ఆవు అనిపించెడివాడను. దగ్గరగా చూచినవారికి ఆ అతుకులు కనబడెడివి. తెరపలక వచ్చిన మొదటి వారములోనే మూడవ ప్రయత్నమునకు ఆ గీత తెగకుండ వచ్చినది. వారములో నా చేతివిద్య పెరుగునా? విడిపోయిన కన్ను, చేయి మరల కలిసినవి, అంతే.

చిత్రమేమనగా, కంప్యూటరు చిత్రలేఖనము కలియుటతోనే మొదలై తరువాత విడిపోయినది. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండ్ అను యువకుడు ‘స్కెచ్‌ప్యాడ్’ అను పేర తన పరిశోధనను సమర్పించెను. కాంతికలమును నేరుగా తెరకే ఆనించి గీతలు గీచు విధానమది. అయితే నిలువుగా నిలిచిన తెరకు గంటలకొలది చేయి చాచియుంచిన భుజము నొప్పిపెట్టదా? 1964లో రాండ్ సంస్థవారు బల్లమీద పరచు పలకను వెలువరించిరి. చేయి బల్లమీదికి దిగి సుఖపడినది, చూపు మాత్రము తెరమీదనే నిలిచిపోయినది. తెర పలుచనై, బల్లమీద పరుండబెట్టుటకు అనువైన పిదపగాని ఆ రెండును మరల ఒకచోట చేరలేదు.

దీని మర్మము కొంత వినుడు. అద్దము క్రింద తెర, తెర వెనుక సన్నని తీగల వల ఉండును. ఆ వల వెలువరించు అయస్కాంత తరంగము కలములోని తీగచుట్టను మేలుకొలుపును, చుట్ట మారుపలుకును. ఆ పలుకునుబట్టి కలము ఎక్కడ ఉన్నదో, ఎంత ఒరిగినదో, మొన ఎంత గట్టిగా ఆనినదో యంత్రము గ్రహించును. ఈ రకపు కలమునకు బ్యాటరీ అక్కరలేదు. జపానులో 1983లో నెలకొన్న వాకోమ్ సంస్థ ఈ పద్ధతికి ప్రసిద్ధి కెక్కినది. ఒత్తిడిలో 8192 అంతరములు కొలుచునని అమ్మకందారులు నేడు డప్పు కొట్టుచుందురు. మన చేతులకు అందులో నూరు తెలిసిన గొప్ప!

పూర్వపు చిత్తూరు జిల్లాలోనిదే యైన శ్రీకాళహస్తిలో కలంకారీవారు పనిచేయుట చూచినవారు ఈ సభలో ఉండవచ్చును. బట్టను కరక్కాయరసము, పాలు కలిపినదానిలో తడిపి ఆరబెట్టుదురు. పాలలోని జిడ్డు రంగును ప్రాకనీయదు. కాల్చిన చింతపుల్లతో మొదట రూపము గీచి, పిదప వెదురుకలమునకు చుట్టిన గుడ్డనో ఉన్నినో వ్రేళ్ళతో మెల్లగా నొక్కుచు నల్లరసమును దింపుదురు. త్రుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో ఊరవేసిన రసమది. కరక్కాయ వగరు తగిలినంతనే అది నల్లగా నిలిచిపోవును. ఇక చెరుపుటకు వీలులేదు. కనుకనే ఆ పనివాని చూపు కలపుమొనను విడిచిపోదు. చూపునకు సంబంధించినంతవరకు తెరపలక ఆ కలమునకు చుట్టమే. చెరుపుట దగ్గర మాత్రము రెండింటికిని ఆమడదూరము. తెరపలకపై తప్పుగీత వచ్చినచో ఒక మీట నొక్కిన చాలును, జాడయైన మిగులదు.

ఇది సౌకర్యమే, కాదనను. కాని మదనపల్లె సంగతి యొకటి మనవి చేసెదను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అక్కడి బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని దినములు విడిసి, జనగణమనకు ఆంగ్లానువాదమును తన చేవ్రాతతో వ్రాసినది మీకు తెలిసినదే. ఆ కవి చిత్రకారుడైన విధము అంతగా తెలియకపోవచ్చును. ఆయన తన వ్రాతప్రతులలో కొట్టివేసిన మాటలను ఒకదానితోనొకటి కలిపి పక్షులుగను, ముఖములుగను మలచెడివాడు. 1924 ప్రాంతమున ‘పూరబి’ కవితల వ్రాతప్రతిలో ఆ అలవాటు ముదిరినది. 1930లో పారిసులో ఆయన చిత్రములు ప్రదర్శించునాటికి వయస్సు డెబ్బదికి చేరువ. ఆయన చేతిక్రింద ఆ చెరుపుమీట ఉండియుండినచో ఆ పక్షులలో సగము పుట్టియుండవు. నావద్ద నేర్చు పిల్లలకు నేనొక కట్టడి పెట్టితిని. నచ్చని గీతను చెరుపరాదు, దాని పొరను మరుగుపరచి క్రొత్త పొరమీద గీయవలెను. వారము చివర మరుగుపరచిన పొరలన్నియు విప్పి చూతుము. ఒక్కొకప్పుడు పారవేసిన గీతయే అన్నిటికంటె బాగుండును!

తెరపలకకు లోపములు లేకపోలేదు. అద్దపు మందముచేత మొనకును గీతకును వెంట్రుకవాసి ఎడము తోచును. చాలసేపు వంగి గీచిన మెడ పట్టును. మొనలు అరుగును. అది తనంతతాను పనిచేయదు, దానికి కంప్యూటరు జోడు కావలెను. ఉత్తపలక మూడు నాలుగు వేలకు దొరకును, తెరపలకకు పదిహేను ఇరువదివేలైన కావలెను. బొమ్మలు వేయు సాఫ్టువేరునకు మాత్రము సొమ్ము పెట్టనక్కరలేదు, క్రీటా అనునది ఉచితముగా లభించును.

ఇంత సొమ్ము పెట్టిన యంత్రము పాతబడదా అని కార్యవర్గమున ఒక పెద్దాయన అడిగిరట. న్యాయమైన ప్రశ్న, తప్పక పాతబడును. కుప్పమున 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్రప్రభుత్వముతో కలిసి ఐ-కమ్యూనిటీ అను కార్యక్రమమును ఆరంభించినది. అందు పల్లె స్త్రీలు కొందరికి డిజిటల్ కెమెరాలు, సూర్యరశ్మితో నడుచు చిన్న ముద్రణయంత్రములు ఇచ్చి, ఫోటోలు తీసి సంపాదించుకొను దారి చూపిరి. ఆనాటి కెమెరాలను నేడెవ్వరును కోరరు. కాని వెలుగు ఏ ప్రక్కనుండి పడిన ముఖము కళగా వచ్చునో నేర్చినవారికి ఆ నేర్పు ఇప్పటి ఫోనులోను అక్కరకు వచ్చును. తెరపలకను కూడ ఆ లెక్కననే చూడవలెనని నా అభిప్రాయము.

పట్టణములో సంపన్నులు ఇంటికొకటి కొనుకొందురు. మన ఊరిలో ఒకటే ఉండును, పదిమంది వంతులవారీగా వాడవలెను. కనుక అది ఇంట ఉండుటకంటె గ్రంథాలయమున ఉండుటయే తగును. అయితే దానికొరకు పుస్తకముల పద్దు తగ్గించుటకు నేను ఒప్పుకొనను. చాలని సొమ్ము చందాగా కూర్చుకొందము. కాగితముమీద ఇరువది బొమ్మలు వేసి చూపనివారికి కలము ఇవ్వరాదు. సాయంత్రము ఐదునుండి ఏడువరకు ఒక్కొక్కరికి అరగంట వంతున నలుగురికి వీలగును. ఫ్లెక్సీ దుకాణములలోని కుర్రవాండ్రు ఏడు దాటినగాని రాలేరు కనుక, ఆదివారము ప్రొద్దున వారికి విడిగా ఇయ్యవలెను. పలకను కిటికీకి ఎదురుగా పెట్టినచో అద్దముపై ఎండ తళుకుమని కంటిని కొట్టును. పాతపత్రికల బీరువా ప్రక్కనున్న మూల చాలును. మెడ పట్టకుండ పలకను ఆనించుటకు ఏటవాలు పీట యొకటి కావలెను. దానికి తగిన టేకుచెక్క మా ఇంట ఉన్నది, రేపే పంపెదను.