మూత్రపిండములు రక్తమును వడపోయు తీరు



సంక్రాంతికి ముందు మన ఇండ్లలో జరుగు పని మీకందరికిని తెలిసినదే. ఇల్లాలు ఇంటిలోని సామానంతయు వాకిటికి చేర్పించును. పనికివచ్చు వానిని తుడిచి లోపలికి తెచ్చుకొనును. విరిగిన పీట, చినిగిన చాప భోగిమంటకు మిగులును. మూత్రపిండములు రక్తమును శుభ్రపరచునదియు ఈ విధముననే. చెత్తను వెదకి ఏరివేయుట వాని పద్ధతి కాదు. ముందు చాలవరకు వెలుపలికి దించి, పిదప కావలసినదానిని వెనుకకు తీసికొనును.

ఇవి వీపు దిగువభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల, పిడికిలియంత పరిమాణమున, చిక్కుడుగింజ ఆకారమున ఉండును. ఒక్కొక్క పిండములో సుమారు 10 లక్షల వడపోత గొట్టములు కలవు. వీనిని నెఫ్రాన్లందురు. ప్రతి గొట్టము మొదట వెంట్రుకకంటె సన్నని రక్తనాళముల కుచ్చు ఒకటి ఉన్నది. గుండె వెడలించు రక్తములో సుమారు ఐదవవంతు, అనగా నిమిషమునకు లీటరుకు పైగా, ఈ పిండములకే వచ్చును. ఆ ఒత్తిడికి నీరు, లవణములు, చక్కెర, యూరియా మొదలగునవి కుచ్చునుండి గొట్టములోనికి దిగును. రక్తకణములును, చాలవరకు మాంసకృత్తులును పెద్దవగుటచే రక్తములోనే నిలిచిపోవును.

ఇట్లు రోజుకు దిగునది సుమారు 180 లీటర్లు! ఈ లెక్క విని మేమును మొదట నమ్మలేదు. మనిషి ఒంటిలోని రక్తమే 5 లీటర్లు గదా! కాని అదే రక్తము రేయింబవళ్లు మరల మరల వడపోతకు వచ్చుచుండును. గొట్టము పొడవునా చక్కెర యావత్తును, నీటిలో నూటికి 99 పాళ్లును తిరిగి రక్తమున చేరును. కడకు మిగిలిన లీటరున్నర యే మూత్రము. ఎండలో కోతకు పోయిననాడు అది తగ్గి, రంగు చిక్కనగుట మీరెరిగినదే. నీరు చాలనపుడు మూత్రపిండము మరింత పొదుపు చేయుచున్నదన్నమాట.

ఇంతటి పనిలోను సవ్వడి లేదు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. కొన్ని గొట్టములు చెడినచో మిగిలినవి ఆ బరువును మోయును. సగము పోయినను నొప్పి తెలియకపోవచ్చును. ఒళ్లు వాచి, ఆకలి చచ్చి, ఆయాసము వచ్చి వైద్యునికడకు పోవునప్పటికి చాల నష్టము జరిగియుండును. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమున, కొబ్బరి జీడితోటల నడుమ, ఈ వ్యాధి ఏండ్ల తరబడి ఎన్నో కుటుంబములను క్రుంగదీసినది. మధుమేహము, రక్తపుపోటు లేనివారికిని అచ్చట ఇది వచ్చుచున్నది. నీటి దోషమా, ఎండలో శ్రమయా, మరేదైననా అని పరిశోధకులు విచారించుచునే ఉన్నారు. ఒక్క కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును, ఆసుపత్రియు ప్రారంభమైనవి.

పిండములు రెండును పూర్తిగా చెడినచో డయాలిసిస్ యంత్రమే శరణ్యము, లేదా మరొకరి పిండమును అమర్చవలెను. యంత్రముకడ సాధారణముగా వారమునకు మూడు పర్యాయములు, నాలుగేసి గంటలు పడుకొనవలెను. కూలికి పోవువాని కుటుంబమునకు అది ఎంతటి దెబ్బయో చెప్పనక్కరలేదు.

వ్యాధిని ముందుగా పట్టుటకు రెండు పరీక్షలు చాలును. రక్తములో క్రియాటినిన్ పెరిగినదా అని ఒకటి. మూత్రములో ఆల్బుమిన్ అను మాంసకృత్తు కారుచున్నదా అని రెండవది. మధుమేహము, రక్తపుపోటు ఉన్నవారు ఏటేట వీనిని చేయించుకొనవలెను. ఒళ్లునొప్పులకు అంగడిలో మాత్రలు కొని దినదినము మ్రింగు అలవాటు పల్లెలలో చాల ఉన్నది. వైద్యుని అడుగక వానిని వాడుట మూత్రపిండములకు హాని. ఆ మాత్రల చీటీని ఈ పరీక్షలకు పోవునపుడు వెంట తీసికొనిపోయి వైద్యునికి చూపుడు.