చీటీ ఎవరిది, మాట ఎవరిది?

(నెల్లూరు తీర గ్రామాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోన్లో చీటీల గోడ గురించి చెప్పమన్నారు. ప్యాడ్‌లెట్ వంటి వాటిలో లింకు నొక్కితే ఖాళీ గోడ తెరుచుకుంటుంది. ఎవరి ఫోన్ నుంచి వాళ్లు చీటీ అంటించవచ్చు. కావలిలో రాసింది ముత్తుకూరులో వెంటనే కనిపిస్తుంది.

ఒక ఊరి మాట ఇంకో ఊరికి చేరితే ఏమవుతుందో ఈ జిల్లా స్త్రీలకు తెలుసు. అక్షరాస్యతా ఉద్యమంలో దూబగుంట స్త్రీల పోరాటం వాచకంలో పాఠమైంది. దాన్ని చదివిన ఊళ్లు కదిలాయి. 1992లో సారా వేలంపాటలను అడ్డుకున్నాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

మన సమావేశాల్లో నాయకురాలు మాట్లాడాక చేపల గంప మోసే స్త్రీ నోరు విప్పదు. గోడ మీద ఆమె చీటీకీ అంతే చోటుంటుంది. పేరు లేకుండా రాయవచ్చు. రాయడం రాకపోతే గొంతు రికార్డు చేసి పెట్టవచ్చు.

చిక్కంతా చీటీలను వర్గాలుగా చేర్చేటప్పుడే వస్తుంది. "రొయ్యల చెరువులొచ్చాక మా బావి నీళ్లు ఉప్పయ్యాయి" అని ఒకామె రాస్తుంది. మనం దాన్ని "తాగునీటి సమస్య" కింద వేస్తాం. వినతిపత్రంలో నీటి కొరత మిగులుతుంది, చెరువు యజమాని మాయమవుతాడు. చెరువుల వల్ల తాగునీరు చెడిపోతోందని 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పే చెప్పింది. ఆమె చెప్పిన కారణాన్ని మనం చెరిపేయడమేమిటి? అందుకే చీటీలను పైకి చదువుతూ, రాసినవాళ్ల ముందే చేర్చాలి.

ఇంట్లో హింస సంగతులు ఈ గోడకెక్కించకండి. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అదీ భర్త చేతిలో. పేరు లేకపోయినా ఊరూ, పిల్లల సంఖ్యా చెబితే ఎవరో తెలిసిపోతుంది. అవి ఎదురెదురుగా కూర్చుని వినవలసినవి.

ఇంకొకటి. ఆ గోడ మనది కాదు, కంపెనీది. ఇలాంటిదే గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబర్ 31న మూతపడింది. సమావేశమైన రోజే చీటీలన్నీ సంఘం రిజిస్టరులోకి ఎక్కించండి. ఆ రిజిస్టరు ఊళ్లోనే ఉండాలి, మన ఆఫీసులో కాదు.

కలెక్టరుకు అర్జీ ఇచ్చేముందు ఊళ్లో చదివి వినిపించండి. "మేమన్నది ఇదే" అని వాళ్లంటేనే సంతకాలు పెట్టించండి. లేదంటే తిరగరాయండి.