బడికి ముందు ఏడాది



నాలుగేళ్ళ పిల్లలున్న తల్లికి ఎక్కడికి వెళ్ళినా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "బాబుని ఏ స్కూల్లో వేశారండీ?" ఇంకా వెయ్యలేదనగానే అవతలి ఆవిడ ముఖం అదోలా పెడుతుంది. "మావాడు అప్పుడే వందదాకా అంకెలు రాసేస్తున్నాడు" అంటుంది. అంతే! ఆ రాత్రి ఈ తల్లికి నిద్ర పట్టదు. మర్నాడు పొద్దున్నే పిల్లవాణ్ణి కూచోబెట్టి, చేతికి పెన్సిలిచ్చి, పేజీలకు పేజీలు దిద్దిస్తుంది. వాడు ఏడుస్తాడు. కాసేపటికి ఈవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరుగుతాయి.

ఎల్.కె.జి., యు.కె.జి.లకు పంపకుండా ఇంట్లోనే చెప్పుకుందామా, అలా చేస్తే పిల్లలు వెనకబడిపోతారేమోనని సందేహిస్తున్న తల్లులకోసం ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను. బడికి పంపుతున్నవారికి కూడా ఇవి సాయంత్రంపూట పనికొస్తాయి.

ముందుగా ఒక భయం తీర్చుకుందాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు సంబంధించింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్ళు ఉండాలనే చెప్పింది. అందుచేత నాలుగేళ్ళ బిడ్డ ఇంట్లో ఉంటే చట్టాన్ని ధిక్కరించినట్టు కాదు. పైగా బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని వడపోత పరీక్షలు పెట్టకూడదని ఆ చట్టంలోనే ఉంది. ఇంటర్వ్యూకోసమని ఇప్పటినుంచే పిల్లలచేత బట్టీ పట్టించనక్కర్లేదు.

అయితే, ఇంట్లో చెప్పుకుందామనుకుని ఇంటినే బడిగా మార్చేస్తే ఫలితం ఏముంది? టైం టేబులు, హోంవర్కు, చేతిలో స్కేలు పట్టుకున్న అమ్మ - ఇవన్నీ వస్తే పిల్లవాడికి బడీ దక్కదు, అమ్మా దక్కదు. ఈ వయసులో చదువంతా మన ఇంటి పనుల్లోనే ఉంది. దాన్ని ఎలా అందుకోవాలో చూద్దాం.

మొదట చెయ్యి సంగతి. మన మణికట్టులో ఎనిమిది చిన్న చిన్న ఎముకలుంటాయి. బిడ్డ పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. చివరిది గట్టిపడేసరికి బిడ్డకు తొమ్మిదేళ్ళు దాటుతాయి. అలాంటి చేత్తో నాలుగేళ్ళకే రోజుకు నాలుగు పేజీలు రాయమంటే వేళ్ళు నొప్పెట్టవూ? వాడు మొండికెయ్యడం బద్ధకం కాకపోవచ్చు.

ఆ చేతికి బలం రావాలంటే వంటింట్లోకి రానివ్వండి. చపాతీ పిండిలో ఓ ముద్ద ఇవ్వండి, పిసుకుతాడు. చిక్కుడుకాయలు ఈనెలు తీయించండి. బఠాణీలు ఒలిపించండి. కందులు, పెసలు, శనగలు కలిపి పళ్ళెంలో పోసి వేరు చెయ్యమనండి. చొక్కా గుండీలు వాణ్ణే పెట్టుకోనివ్వండి, ఆలస్యమైనా సరే. వాకిట్లో మీరు ముగ్గు వేసేటప్పుడు పక్కన ఓ సుద్దముక్క ఇచ్చి చుక్కలు కలపమనండి. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలూ వంపులే గదా! ముగ్గులో చెయ్యి తిరిగిన పిల్లకు అక్షరం దగ్గర తడబాటు తగ్గుతుంది.

అక్షరాల దగ్గరికి వస్తే, తప్పనిసరిగా 'అ'తోనే మొదలుపెట్టాలని లేదు. రాయడానికి 'అ' ఎన్ని వంపులు తిరుగుతుందో మీరే ఒకసారి రాసి చూడండి. ర, గ, ట, డ, ప, వ లాంటివి చిన్నచేతికి తేలిక. పైగా గుణింతాలు రాకపోయినా చదవగలిగే మాటలు మనకు బోలెడున్నాయి. వడ, జడ, తల, పలక, పడవ, గడప. అమ్మ జడ మీద చెయ్యివేసి "జడ" అని చదివిన పిల్ల ముఖం చూడండి, ఎంత వెలిగిపోతుందో!

1907లో రోము నగరంలో మరియా మాంటిస్సోరి పేదపిల్లలకోసం ఓ బాలగృహం తెరిచారు. ఆవిడ 1939లో మన దేశానికి వచ్చి, మద్రాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇచ్చారు. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, అట్టమీద అంటించి, పిల్లలచేత వేలితో తడిమించడం ఆవిడ పద్ధతుల్లో ఒకటి. హార్డువేరు షాపులో ఒక షీటు గరుకు కాగితం కొంటే మనమూ చేసుకోవచ్చు. లేదంటే పళ్ళెంలో బొంబాయి రవ్వ పోసి వేలితో రాయించండి. అక్షరాభ్యాసం నాడు మన పెద్దలు బియ్యంలో రాయించేది వేలితోనే గదా.

ఇక లెక్కలు. వందదాకా అప్పజెప్పే పిల్లని ఏడు చెంచాలు తెమ్మనండి. చాలామంది తికమకపడతారు. అప్పజెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. భోజనాలవేళ "మనం అయిదుగురం, కంచాలు పెట్టమ్మా" అనండి. తాతగారు ఊరెళితే ఒక కంచం తగ్గుతుంది. అదే తీసివేత. మేనత్తా మామయ్యా వస్తే రెండు పెరుగుతాయి. అదే కూడిక. వామనగుంటలు, వైకుంఠపాళి ఆడించండి.

వెడల్పు గిన్నెలో ఉన్న మజ్జిగను ఎదురుగానే పొడుగు గ్లాసులోకి వంపి, ఎక్కువైందా అని అడగండి. అయిదేళ్ళవాడు మామూలుగా "ఎక్కువైంది" అనే అంటాడు. ఏడేళ్ళు వచ్చేసరికి గాని ఆ భ్రమ సాధారణంగా పోదని జీన్ పియాజే అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు గమనించి రాశారు. తిడితే ముందుగా వచ్చే తెలివి కాదది.

అన్నిటికంటె ముఖ్యం మాట. రాత్రి కథ చెబుతూ మధ్యలో ఆగి "అప్పుడేమైందంటావ్?" అని అడగండి. మర్నాడు ఆ కథ నాన్నకు చెప్పమనండి. ఇంట్లో బామ్మగారుంటే మీ అదృష్టం, ఆ పీరియడు ఆవిడకే వదిలెయ్యండి. తెలుగులో కథ తిన్నగా చెప్పగలిగిన పిల్ల ఇంగ్లీషుకు భయపడనక్కర్లేదు. చేతికి సెల్‌ఫోనిచ్చి కథలు పెడితే, అది చెప్పుకుపోతుందేగాని వాడి జవాబుకోసం ఆగదు. నాలుగేళ్ళు నిండినా పిల్లవాడి మాట బయటివాళ్ళకు చాలావరకు అర్థం కాకపోతే మాత్రం, వాడే నేర్చుకుంటాడులే అని ఊరుకోక డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష చేయించండి.

ఒక్కటి మాత్రం ఇంట్లో తల్లి ఒక్కతే ఇవ్వలేనిది ఉంది. తోటిపిల్లలు. వంతు వచ్చేదాకా ఆగడం, ఓడిపోయి మళ్ళీ ఆడడం అమ్మతో ఆడితే రావు, ఎందుకంటే అమ్మ కావాలనే ఓడిపోతుంది. కాబట్టి సాయంత్రం పార్కుకో, పక్కింటికో తప్పక పంపండి. మీలాంటి తల్లులు ముగ్గురు నలుగురు కలిసి రోజుకొకరి ఇంట్లో పిల్లల్ని చేర్చితే మరీ మంచిది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీల్లో ఆటపాటలు ఉన్నాయని మరవకండి.

కూచోబెట్టి చెప్పేది రోజుకు ఇరవై నిమిషాలు మించనివ్వకండి. పిల్ల లేచిపోతే పోనివ్వండి. ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు వంటవేళా, పడుకునేవేళా దక్కించుకున్నా చాలు. ఎవరైనా "ఏం రాస్తున్నాడు?" అని అడిగితే తడబడకండి. "ఇంకా రాయడం లేదండీ, అయిదుగురికీ కంచాలు పెడతాడు, కథ చెబుతాడు" అనండి.

ఆరేళ్ళు నిండి బడికి వెళ్ళేనాటికి మీ బిడ్డకు అక్షరాలు నాలుగు తక్కువ వస్తే రావచ్చు. అవి కొన్ని నెలల్లో పట్టుబడతాయి. పుస్తకం చూడగానే ఏడుపొచ్చే అలవాటు పడితే, దాన్ని మాన్పించడానికి ఏళ్ళు పట్టవచ్చు. పలక ఇచ్చేముందు ఈ రెండూ బేరీజు వేసుకోండి.

సెలవు.